కాజా కుట్టిన చిల్లులు

గతారా మిట్ట, న్యెరి
ఫిబ్రవరి

బాబాయికి,

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "బతికే ఉన్నానే, మిగతాది కాగితం మీద రాయి" అని పెట్టేస్తావు. మొంబాసాలో నీ ఫోను బియ్యం డబ్బాలో నిద్రపోతూ ఉంటుందని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. ఎర్రసిరా కలం దగ్గర పెట్టుకో. రిటైరయినా తప్పులు దిద్దే సరదా నీకింకా తీరలేదు కదా.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న పొద్దున కుట్టుకొట్టు తెరుస్తాడు, పొద్దుగుంకే వేళకి మూస్తాడు. డెబ్భై దాటినా బడి చొక్కాలకి కాజాలు చేత్తోనే కుడతానంటాడు. ఆ పని మిషనుకి చెబితే పాపమన్నట్టు మాట్లాడతాడు. మా చిన్నోడు బడి వదలగానే ఆ కొట్లోనే తేలతాడు. మన ఆచారం ప్రకారం తాత పేరే పెట్టుకున్నాం కదా, ఇద్దరూ వహోమేలే, ఇద్దరిదీ ఒకటే మొండితనం. నేను "నాన్నా" అని పిలిస్తే ఇద్దరూ ఒకేసారి తలెత్తుతారు.

అసలు సంగతికి వస్తాను. తేదీలు బట్టీ పట్టి పరీక్షలో కక్కేసి మర్చిపోయే చరిత్ర చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఈ ఏడు మూడో ఫారం పిల్లల చేత డిజిటల్ కథలు చేయిస్తున్నాను. ఒక ముసలి మనిషి, ఒక వస్తువు, మూడు నిమిషాలు. పిల్లలు తమ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న పెద్దవాళ్ళ మాట రికార్డు చేసుకోవాలి, ఆ ఇంట్లో దాచుకున్న వస్తువు ఒకటి ఫోటో తియ్యాలి, రెండూ కలిపి ఫోనులోనే చిన్న సినిమాలా కూర్చాలి. ముందు అట్టముక్కల మీద గళ్ళు గీయిస్తున్నాను. పైన బొమ్మ, కింద మాట. ఒక గడిలో ఒక ఊపిరికి సరిపోయేంత మాటే ఉండాలి. రికార్డింగు స్టాఫ్ రూములో, కిటికీలకి దుప్పట్లు కట్టి. బాగున్నవి జూలైలో జిల్లా ప్రదర్శనకి వెళతాయి.

అంశం: అడవిలో చేరి పోరాడేవాళ్ళని అణచడానికి తెల్లవాళ్ళు మన మిట్ట మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అవి చూసినవాళ్ళు ఇంకెందరు మిగిలారు చెప్పు? ఎవరికీ ఇబ్బంది రాకుండా నియమాలు పెట్టాను. పెద్దవాళ్ళ పేర్లు చెప్పకూడదు. మొహాలు చూపించకూడదు, చేతులు చాలు. గొంతు మార్చెయ్యాలి. మార్చిన గొంతు మేక అరిచినట్టుందని పిల్లలు పడీ పడీ నవ్వారు.

నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడివి. ఏమంటావు?

నీ న్యావిరా


లికోని, మొంబాసా
మార్చి

చిరంజీవి న్యావిరాకి,

ఉత్తరం అందింది. తప్పులు రెండే, అంటే నీ ఉద్యోగం ఉండనిస్తాను. ఇక్కడి ఎండకి నా బట్టతల మీద చపాతీ కాల్చుకోవచ్చు. పక్కింటి మ్వనైషా కొబ్బరిపాలలో ఉడికించిన చిక్కుళ్ళు పంపిస్తుంది కాబట్టి బతుకుతున్నాను. నువ్వు నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ గళ్ళ పద్ధతి బాగుంది. ఒక ఊపిరికి ఒక గడి అన్నది నేను పాఠం చెప్పే రోజుల్లో నాకు తట్టలేదే అని అసూయపడ్డాను. అంశం మాత్రం మార్చు. మిట్ట మీదికి కాఫీ మొక్క ఎలా వచ్చిందో చేయించు. తొలి బడి కట్టిన కథ ఉంది, రైలు చూడటానికి జనం నడిచి వెళ్ళిన కథ ఉంది. ముసలాళ్ళు సంతోషంగా చెబుతారు, పిల్లలు నవ్వుతూ వింటారు.

పేర్లు దాస్తానంటున్నావు. మన మిట్ట ఎంత ఉంటుంది? ఈ చివర తుమ్మితే ఆ చివర ఎవరు తుమ్మారో చెప్పే జనం. అక్కడ ఎవరి పేరు దాస్తావు?

ఇంకోటి. మీ నాన్నని ఈ పనిలోకి లాగకు. ఆ రోజుల మాట వాడికి గిట్టదు. చర్చికి వెళ్ళొస్తాడు, చొక్కాలు కుట్టుకుంటాడు. అలాగే ఉండనీ.

బాబాయి


గతారా మిట్ట
ఏప్రిల్

బాబాయికి,

కాఫీ మొక్క కథ చేయిస్తే మూడు నిమిషాల్లో మొదటి నిమిషానికే క్లాసంతా నిద్రపోతుంది. కోప్పడకు, అంశం మార్చలేదు. పిల్లలు నాకంటే ముందు పరిగెడుతున్నారు. నాన్నని నేను లాగలేదు, ఆయనే వచ్చాడు. హాలు కిటికీలకి నల్ల తెరలు కావాలంటే ఊరికే కుట్టిచ్చాడు. అంచులు చూస్తే పెళ్ళికూతురి గౌనులా ఉన్నాయి. వెలుతురు ఆపడానికి కట్టే గుడ్డకి ఇంత సోకెందుకు నాన్నా అంటే, "అంచు వదిలేస్తే పీచులేస్తుందే" అన్నాడు.

ఒక కథ నీకు చూపించి తీరాలి. చేసింది వమైతా అనే పిల్ల. అసలు నోరు విప్పని పిల్ల. వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. వస్తువు, గంజి పోసుకునే సొరబుర్ర. గళ్ళలో రాసినది రాసినట్టే దించుతున్నాను:

"ఇది మా నాన్న సొరబుర్ర. ఒక సోమవారం హోమ్ గార్డులు, తెల్లవాళ్ళ కొలువులో చేరిన మనవాళ్ళే, మమ్మల్నందరినీ మైదానంలో వరసగా కూచోబెట్టారు. గోనెసంచి తల మీంచి తొడుక్కున్న మనిషిని మా ముందు నడిపించారు. వాడెవడో మాకు తెలియకూడదు, మేమందరం వాడికి తెలియాలి. వాడు తల ఊపితే ఆ మనిషి ఇంక ఇంటికి రాడు. మా నాన్న ముందు ఆగాడు. నాకు తొమ్మిదేళ్ళు. భయపడి వాడి కళ్ళలోకి చూడలేదు, కళ్ళ దగ్గరి చిల్లులే చూశాను. వేరేవాళ్ళ సంచులకి చిల్లులు కత్తితో కోసి వదిలేసి ఉండేవి. దీనికి చుట్టూ కాజా కుట్టినట్టు శుభ్రంగా కుట్టి ఉంది. కన్ను గీరుకోకూడదని ఆలోచించే పెళ్ళాం ఉంది వీడికి, అనుకున్నాను. సంచి ఊగింది. మా నాన్న లేచి వెళ్ళాడు. సాయంత్రం సొరబుర్ర ఒక్కటే దొరికింది."

ఆ కాజా మాట చూశావా? తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళకి తప్ప ఇంకెవరికీ పట్టదు అది. క్లాసులో ఇదే అందరికీ నమూనాగా చూపిస్తున్నాను. చిన్న వివరం దొరికితే వదలకండి, కథ అక్కడే ఉంటుంది అని.

జూలైకి మొదట పంపేది ఇదే.

న్యావిరా


లికోని
ఏప్రిల్

న్యావిరాకి,

బాగా రాసింది పిల్ల. అయితే ఆ కాజా ముక్క తీసేయించు.

టీచరుగానే చెబుతున్నాను. మూడు నిమిషాల కథకి ఒక్క వస్తువు అని నియమం పెట్టింది నువ్వే. సొరబుర్రతో మొదలై సొరబుర్రతో ముగుస్తోంది. మధ్యలో సూదీ దారం ఎందుకు? చూసేవాడి ధ్యాస చెదురుతుంది. పైగా అది చిన్నపిల్ల ఊహ. ఎండలో, భయంలో, ఎవరి సంచికి ఏ అంచు ఉందో ఎవరు చూస్తారు? ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఇలాంటివే పట్టుకుని నిలదీస్తారు. సంచి ఊగింది, నాన్న లేచాడు, సొరబుర్ర మిగిలింది. అంతే చాలు.

మీ నాన్న ఇది విన్నాడా? జవాబులో మొదటి మాటగా అది రాయి.

బాబాయి


గతారా మిట్ట
జూన్

బాబాయికి,

విన్నాడు.

కాజా ముక్క తియ్యలేదు. నీ మాట కాదన్నందుకు మన్నించు, కానీ పిల్ల ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. తల్లిదండ్రుల రోజున హాల్లో అన్ని కథలూ చూపించాం. మిట్ట మిట్టంతా వచ్చింది. ముందు వరసలో నాన్న, ఆయన ఒళ్ళో మా చిన్నోడు. మిగతా కథలకి జనం ముక్కులు చీదారు, నవ్వారు, చప్పట్లు కొట్టారు. వమైతా కథలో కాజా మాట రాగానే అందరూ తలలు దించుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. తర్వాత చూస్తే ఎవరి చొక్కా చేతుల వంక వాళ్ళు చూసుకుంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. చివర్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ ఉడికించిన గితేరి కుండలు దించితే ఎవరూ పళ్ళెం పట్టుకోలేదు. నాన్న ఆవుకి గడ్డి వెయ్యాలని ముందే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేను చేసిన బుద్ధితక్కువ పని తెలిసొచ్చింది. పెద్దవాళ్ళ పేర్లన్నీ దాచాను కదా. కష్టపడ్డ పిల్లలకి గుర్తింపు ఉండాలని ప్రతి కథ చివరా "చేసినది" అని పిల్లల పేర్లు పెద్దక్షరాల్లో వేశాను. మన మిట్ట మీద మొదటి ఆడపిల్లకి నాన్నతల్లి పేరు పెడతారని పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. నాయనమ్మ మొహం దాచి, గొంతు మార్చి, ఆవిడ పేరే గోడంత పెద్దగా వేసి చూపించాను. వమైతా చేసింది అంటే వమైతా అవ్వ చెప్పిందనేగా! మన పేర్లు మనకి ఊపిరిలా అలవాటై కళ్ళ ముందున్నా కనపడలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మొన్న పొద్దున పాల క్యాను పెట్టడానికి వమైతా అవ్వ గేటు దగ్గరికి వస్తే, దానికి గోనెసంచి ఒకటి తగిలించి ఉందట. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. మనవరాలు దాన్ని చుట్టచుట్టి పుస్తకాల సంచిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది. "మీ టీచరుకి చూపించు అంది నాయనమ్మ" అంటూ బల్ల మీద పెట్టి, ముట్టుకున్న చేతులు గౌనుకి తుడుచుకుంది. నేను దాన్ని చుట్ట విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాను. కాఫీ సంఘం అధ్యక్షుడి మనుషుల పనే అయ్యుంటుంది. ఎమర్జెన్సీ రోజుల్లో వాళ్ళకి కలిసొచ్చిన భూముల సంగతి అందరికీ తెలిసిందే.

భయంగా ఉంది బాబాయీ. ముసలావిడకి ఏమైనా జరిగితే ఆ పాపం నాదే. అవ్వ మాత్రం జూలైలో చూపించాల్సిందే అంటోందట.

న్యావిరా


లికోని
జూన్

న్యావిరా,

ఆ సంచి చుట్ట విప్పకు. అలాగే తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టు.

జూలైకి ఆ కథ పంపకు. కాఫీ సంఘం వాళ్ళని ఒక్క మాట అనకు, వాళ్ళకేం సంబంధం లేదు. ఎలా తెలుసని నన్నడగకు. ఫోనులో ఈ సంగతి ఎత్తకు.

బాబాయి


గతారా మిట్ట
జూన్ చివర

బాబాయికి,

విప్పకు అన్నాక విప్పకుండా ఎవరైనా ఉంటారా? నువ్వే చెప్పు.

కొత్త గోనెసంచి. ఎరువుల కొట్టు ముద్ర ఇంకా చెరగలేదు. రెండు చిల్లులు. వాటి చుట్టూ నల్లదారంతో కాజా కుట్టు. మూలల్లో అడ్డంగా రెండేసి పోగులు. నేను బడికి వెళ్ళిన రోజుల నుంచీ నా చొక్కాలకి, ఇప్పుడు నా కొడుకు చొక్కాకి, ఈ మిట్ట మీద ప్రతి పిల్ల చొక్కాకి ఉన్న కాజా అది. హాల్లో జనం చొక్కా చేతులు ఎందుకు చూసుకున్నారో అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి కొట్టుకి వెళ్ళాను. సంచి మిషను మీద పరిచాను. నాన్న చొక్కాకి కాజా కుడుతున్నాడు, సూది ఆపలేదు.

"ఇది ఎవరు కుట్టారు నాన్నా?"

"ఎవరైతే ఏంటే? బాగా కుట్టారా లేదా అది చూడు."

"ముసలిదాన్ని బెదిరించడానికి తగిలించే సంచికి కాజాలెందుకు?"

అప్పుడు చూశాడు సంచి వంక. తర్వాత తన చేతుల వంక. తను కుట్టానని ఆయనకి అప్పటిదాకా తెలియదేమో అనిపించింది. చిల్లు కోశాడు, అంచు పీచులేస్తుంటే చెయ్యి ఊరుకోలేక కుట్టేసింది.

"అంచు వదిలేస్తే కన్ను గీరుకుంటుంది కదే," అన్నాడు.

"ఎవరి కన్ను?"

"నాన్న గార్డు పోస్టులో ఉన్నాడు. కొలత కావాలంటే ఇంట్లో ఎవరున్నారు? అమ్మ నా తలకే తొడిగింది. బొగ్గుతో కళ్ళ చోటు గుర్తు పెట్టింది. మిషన్ బళ్ళో నేర్చుకున్న కుట్టు, ఎంత ముద్దుగా కుట్టిందో. దాంట్లోంచి మొట్టమొదట చూసింది నేనే."

చిన్నోడు కిందకూచుని గుండీలు ఏరుతున్నాడు. "ఏం కనపడింది తాతా?" అన్నాడు.

"అన్నీ కనపడతాయిరా. మనమే ఎవరికీ కనపడం."

వాడి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. నాన్న మళ్ళీ తల దించి కుట్టుకుంటున్నాడు.

అక్కణ్ణుంచి వమైతా అవ్వ దగ్గరికి వెళ్ళాను. కాళ్ళు పట్టుకుందామని వంగితే నెట్టేసింది. "లే, లే. నాటకాలాడకు. మీ నాయనమ్మ సంగతి నాకు ఇవాళ కొత్తా? నా పెళ్ళి గౌను ఆవిడే కుట్టింది. పెళ్ళినాటి పొద్దున గుండీలు పెట్టుకుంటూ కాజాలు చూశాను. మూలల్లో రెండు పోగులు. అప్పుడు తెలిసింది. అదే గౌను వేసుకుని చర్చికి వెళ్ళాను. ఇంకో గౌను ఉంటేగా!"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావవ్వా?"

"ఆ సంచిలో ఉన్న మీ తాత ఎప్పుడో పోయాడే. మా నాన్న సొరబుర్రలో గంజి పోసుకుని అడవిలో వాళ్ళకి ఇచ్చొచ్చేవాడు. కంచె వెనక దారిన, ఒక్కడే. ఆ దారిలో ఆయన్ని చూసి చెప్పింది ఎవరో, అదొక్కటే నాకు కావాలి. పెద్దవాళ్ళెవరూ ఆ దారిన తిరిగేవాళ్ళు కాదు. దాని కోసమే నా మనవరాలికి ఇదంతా చెప్పాను. ఎవడో ఒకడు విని ఉలిక్కిపడతాడని. ఉలిక్కిపడ్డారు, సంచి వచ్చింది. ఇంక మనిషి కూడా వస్తాడు."

బాబాయీ, నీకన్నీ తెలుసు. మొదటి ఉత్తరం నుంచీ తెలుసు. ఎర్రసిరాతో నా కథ దిద్దుతున్నట్టు నటిస్తూ మీ అమ్మ కుట్టు కొట్టేయించాలని చూశావు. నీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. ఇప్పుడైనా నిజం రాయి. కంచె దారిలో చూసింది ఎవరు?

న్యావిరా


లికోని
జూలై

అమ్మా న్యావిరా,

నీ కోపం న్యాయమే. నువ్వడిగింది రాస్తున్నాను, ఎర్రసిరా లేకుండా.

నాకప్పుడు ఆరేళ్ళు, అన్నకి పది. అమ్మ సంచి కుట్టడం ముగించి తవ్వకానికి వెళ్ళింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతా కందకం తవ్విస్తున్న రోజులవి. అన్న ఆ సంచి తొడుక్కుని కంచె పక్క కూర్చున్నాడు. "నేను ఎవరికీ కనపడను చూడు" అని నన్ను ఆటపట్టించాడు. నాకు మాత్రం పెద్ద సంచీ, దాని కింద మోకాళ్ళూ కనిపిస్తున్నాయి. అప్పుడే ఆ మనిషి సొరబుర్ర పట్టుకుని దారిన వెళ్ళాడు. మమ్మల్ని చూసి, సంచిలో ఉన్నది పిల్లాడని పోల్చుకుని నవ్వాడు కూడా.

రాత్రి అన్నం దగ్గర అన్న గొప్పగా చెప్పాడు. "నాన్నా, నాకొకడు కనపడ్డాడు, వాడికి నేను కనపడలేదు" అని. ఎవరు, ఎటు వెళ్ళాడు, చేతిలో ఏముంది అని నాన్న ఒక్కొక్కటీ మెల్లగా అడిగాడు. తర్వాత తన పళ్ళెంలో మాంసం ముక్క తీసి అన్న పళ్ళెంలో వేశాడు. నాకు వెయ్యలేదని నేను ఏడ్చాను.

ఆ సోమవారం సంచి ఊగింది. అన్న మైదానంలోనే ఉన్నాడు. ఇంటికొచ్చి తిన్నదంతా కక్కుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాన్న చచ్చేదాకా ఎత్తలేదు, అమ్మ చచ్చేదాకా ఎత్తలేదు. నేను ఉద్యోగం వంకతో సముద్రం ఒడ్డుకి పారిపోయాను. వాడు అక్కడే ఉండిపోయి, తండ్రిని పోగొట్టుకున్న ఆ పిల్ల పిల్లలకి చొక్కాలు కుట్టాడు.

మీ నాన్న మా అమ్మ కుట్టు దాచాలని చూడటం లేదు. తన నోరు దాచుకుంటున్నాడు. వాడు ఇప్పుడు డెబ్భై ఏళ్ళవాడో పదేళ్ళవాడో నాకు తెలియడం లేదు. చిన్నోణ్ణి మాత్రం ఆ కొట్లో వదలకు. ఈ ఒక్క మాట విను. ముసలి వమైతాకి ఏమీ చెప్పకు.

మీ బాబాయి కిరాగు


గతారా మిట్ట
జూలై

బాబాయికి,

నీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది.

ప్రదర్శనకి ముందురోజు, పట్టపగలు. నేను హాల్లో అట్టముక్కలు సర్దుతుంటే వమైతా పరిగెత్తుకొచ్చింది. "టీచర్, మీ నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు" అంది. అని, ఏడుపు ఆపుకోలేక, "మొహం కనపడటం లేదు టీచర్" అంది.

నేను వెళ్ళేసరికి అవ్వ వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా ముక్కాలి పీట మీద నాన్న, ఆదివారం కోటు వేసుకుని, తల మీద నేను కొట్లో వదిలొచ్చిన సంచి. ఆయన చెయ్యి పట్టుకుని మా చిన్నోడు నిలబడి ఉన్నాడు. సంచిలోంచి పక్కలకి కనపడదు కదా, సంత మధ్యలోంచి వాడే నడిపించుకొచ్చాడట. జనం దారి ఇచ్చారట. ఒక్కరు కూడా పలకరించలేదట.

నేను సంచి లాగెయ్యబోతే అవ్వ కసిరింది. "ఉండవే! మాట్లాడనీ నన్ను." చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ఆయన ఎదురుగా వంగి ఆ చిల్లుల్లోకి చూసింది. చిన్నప్పుడు చూడలేకపోయింది కదా.

"కంచె పక్కన కూచున్నది నువ్వేనా, వహోమే?"

సంచి ఊగింది.

"మా నాన్న నిన్ను చూసి ఏమన్నాడు?"

సంచి కదల్లేదు. లోపల్నుంచి, "నవ్వాడు," అన్నాడు.

అవ్వ లోపలికి వెళ్ళింది. సొరబుర్ర నిండా గంజి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "తాగు" అంది. తాగాలంటే సంచి తియ్యాలి. నాన్న రెండు చేతులతో దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గంజి మీద మీగడ కట్టింది, ఈగలు వాలాయి, ఎండ వాకిలి దాటిపోయింది. తాగలేదు. సొరబుర్ర మెల్లగా కింద పెట్టి, చిన్నోడి భుజం పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అప్పుడు ఏడ్చింది అవ్వ. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ప్రదర్శనకి కథ పంపాం. "మేక గొంతు తీసెయ్యి, నా గొంతు నాకు పెట్టు, నా పేరు కూడా పెద్దగా రాయి" అని అవ్వే పట్టుబట్టింది. ఏ బహుమతి వచ్చిందో నన్నడగకు, నేను వెళ్ళలేదు.

ఎందుకంటే నాన్న సంచి తియ్యలేదు బాబాయీ. ఇవాళ్టికీ తియ్యలేదు. తినేటప్పుడు గోడ వైపు తిరిగి అంచు కాస్త ఎత్తుకుంటాడు. పొద్దున కొట్టు తెరుస్తాడు, సంచితోనే మిషను ముందు కూర్చుంటాడు, సంచితోనే కాజాలు కుడతాడు. ఒక్క కుట్టు తప్పు పోవడం లేదు. చొక్కాలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి, చూసి, వెనక్కి పోతున్నారు. పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. నేను కాళ్ళ మీద పడ్డాను. కత్తెర తీసుకుని కోసెయ్యబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంత బలం ఎక్కడిదో తెలియదు.

చిన్నోణ్ణి ఇంట్లో పెట్టి తలుపు గడియ వేస్తే కిటికీలోంచి దూకి పోతున్నాడు. తాతకి దారి కనపడదంట, తను ఉండాలంట.

నువ్వు రావాలి. మోకాళ్ళ నొప్పని, ఎండని, ఇంకో మాట చెప్పకు. ఈ ఉత్తరం అందిన రోజునే బస్సెక్కు. పదేళ్ళప్పుడు ఆ సంచి కింద ఉన్న మొహం చూసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నీ మాట వింటాడేమో.

నిన్న మధ్యాహ్నం నేను అన్నం పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. మిషను పక్కన మిగిలిన గోనెముక్క పడి ఉంది. చిన్నోడు దాన్ని తల మీద కప్పుకుని, తాత మోకాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

"తాతా, నాకెప్పుడు కుడతావు?" అన్నాడు.

"నాన్నా!" అని అరిచాను. ఇద్దరూ తలెత్తి నా వైపు చూశారు.

తర్వాత నాన్న వాడి వైపు తిరిగాడు. సంచి ఊగింది.

న్యావిరా